లోడర్ ఎత్తగలిగింది వేరు, ట్రాక్టర్ మోయగలిగింది వేరు

ప్రశ్న: కొత్తగా 24 హార్స్‌పవర్ సబ్ కాంపాక్ట్ (అతి చిన్న తరగతి) ట్రాక్టర్ కొన్నాం. ఫోర్ వీల్ డ్రైవ్, హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలను తిప్పేది, వేగం పెడలుతో మారుతుంది), ముందు లోడర్ ఉన్నాయి. మీటరు ప్రకారం ఇంకా 6 గంటలే నడిచింది. మొన్న తడి ఇసుక కుప్పలోంచి బకెట్ నిండా తీసి, పైకెత్తి మలుపు తిప్పబోతే స్టీరింగు బిగుసుకుపోయింది, వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచింది. ప్రాణం పోయినంత పనైంది. లోపం బండిలో ఉందా, మా చేతిలో ఉందా? నేల చదును చేద్దామంటే బకెట్ గుంటలు తవ్వేస్తోంది. ఒకసారి ఊడదీసిన లోడర్ పైపులు మళ్లీ ఎక్కడం లేదు. మొదటి సర్వీసులో ఏమేం చేయించాలి? వెనక బిగించే పనిముట్లలో ముందు ఏది కొనాలి?

జవాబు: లోపం బండిలో లేదు. మీ చేతిలో కూడా పెద్దగా లేదు. ట్రాక్టర్ వెనక ఉండాల్సిన బరువు లేదు, అంతే. మీరు రాసిన దాంట్లో వెనక ఏదీ తగిలించిన మాట కనిపించలేదు కాబట్టి ఖాళీగానే నడిపారని అనుకుంటున్నాం.

లోడర్‌ను ఎత్తేది హైడ్రాలిక్ ఒత్తిడి. దానికి బండి బరువు ఎంతో, నేల వాలు ఎంతో తెలియదు. సిలిండర్‌కు శక్తి ఉన్నంతవరకు ఎత్తేస్తుంది. ఆ బరువును నిలబెట్టాల్సింది మాత్రం ట్రాక్టర్. మీ బకెట్‌లో ఆ రోజు ఎంత ఉండి ఉంటుందో లెక్క కడదాం. నాలుగడుగుల బకెట్‌ను కుప్పగా నింపితే సుమారు 0.17 ఘనపు మీటర్లు పడుతుంది. తడి ఇసుక ఘనపు మీటరుకు 1,900 కిలోల దాకా తూగుతుంది. అంటే 320 కిలోల పైమాటే. అదే బకెట్‌లో బాగా మాగిన కంపోస్టు అయితే వంద కిలోలు దాటడమే కష్టం. బకెట్ నిండిందా లేదా అని కాదు, దేంతో నిండిందని చూసుకోవాలి.

ఈ తరగతి లోడర్లు పూర్తి ఎత్తుకు లేపగలిగేది మోడల్‌ను బట్టి సుమారు 230 నుంచి 360 కిలోలు. కంపెనీ పెద్ద అక్షరాల్లో వేసే అంకె తరచుగా బకెట్‌ను పట్టే పిన్ను దగ్గర కొలిచింది. సరుకు ఉండేది ఆ పిన్నుకు అర మీటరు ముందు. అక్కడికి వచ్చేసరికి సామర్థ్యం పావు వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. మాన్యువల్‌లో ఈ రెండు అంకెలూ విడివిడిగా ఉంటాయి. చిన్నదాన్ని గుర్తుపెట్టుకోండి.

ఇక వెనక చక్రం ఎందుకు లేచిందో చూద్దాం. ముందు ఇరుసే ఇక్కడ తక్కెడ ముల్లు. బకెట్‌లోని 300 కిలోలు ఆ ఇరుసుకు 1.2 మీటర్లు ముందున్నాయనుకోండి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 1.4 మీటర్లు. అప్పుడు వెనక ఇరుసు మీద నుంచి సుమారు 257 కిలోలు తేలిపోతాయి. ముందు ఇరుసు మీద మాత్రం ఈ 257, బకెట్‌లోని 300 కలిసి 557 కిలోలు అదనంగా పడతాయి. మొత్తం బండే 600, 700 కిలోలుండే తరగతిలో ఇది చిన్న విషయం కాదు. స్టీరింగు బిగుసుకుపోయింది అందుకే. మీ బండి కొలతలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు గానీ లెక్క తీరు ఇదే.

ఇప్పుడు వెనక త్రీ పాయింట్ లింకేజీకి, అంటే పనిముట్లు తగిలించే మూడు లింకుల అమరికకు, 250 కిలోల దిమ్మె తగిలించండి. అది వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక ఉంటే, వెనక ఇరుసు మీద 393 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద నుంచి 143 కిలోలు దిగిపోతాయి. టైర్లలో నీళ్లు నింపినా, చక్రాలకు ఇనుప బిళ్లలు బిగించినా వెనక భాగం బరువెక్కుతుంది, కానీ ముందు ఇరుసు మీది భారం ఒక్క కిలో కూడా తగ్గదు. ఎందుకంటే ఆ బరువు సరిగ్గా వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. అందుకే మొదట వెనక లింకేజీకి దిమ్మె, ఆ తర్వాతే టైర్ల సంగతి. టైర్లలో నింపదలిస్తే వాల్వ్‌ను పైకి తిప్పి, ద్రవం ఆ వాల్వ్ మట్టానికి వచ్చేదాకా పోయాలి. అది సుమారు ముప్పావు వంతు అవుతుంది. మిగతాది గాలికి. చలికి నీళ్లు గడ్డకట్టే చోట ఒట్టి నీళ్లు పనికిరావు. కాల్షియం క్లోరైడ్ కలిపితే గడ్డకట్టవు గానీ ట్యూబు లేని టైర్లో అది రిమ్మును తినేస్తుంది.

దిమ్మె కొననక్కర్లేదు, చేసుకోవచ్చు. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు. కాబట్టి 200 లీటర్ల డ్రమ్మును సగం నింపితే 240 కిలోలు వస్తుంది. పోయకముందే డ్రమ్ముకు అడ్డంగా, ఆ పక్క నుంచి ఈ పక్కకు ఒకే గట్టి ఇనుప కడ్డీ దూర్చి, దాని రెండు కొసలకూ కింది లింకులు పట్టే పిన్నులు పెట్టించాలి. డ్రమ్ము రేకుకు విడిగా వెల్డింగ్ చేసిన పిన్నులు ఏదో ఒక రోజు ఊడిపోతాయి. ఈ తరగతి ట్రాక్టర్లకు ఉండేది కేటగిరీ 1 లింకేజీ. కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ పిన్ను 19 మిల్లీమీటర్లు, కింది పిన్నుల భుజాల మధ్య దూరం సుమారు 68 సెంటీమీటర్లు. వెనక లిఫ్ట్ ఎంత ఎత్తగలదో ముందే మాన్యువల్‌లో చూసుకోండి. అక్కడ కూడా లింకు చివర ఒక అంకె, 60 సెంటీమీటర్లు వెనక ఇంకో అంకె ఉంటాయి. లోడర్ ఊడదీసి తిరిగేటప్పుడు మాత్రం ఈ దిమ్మె తీసేయండి. లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి.

దిమ్మె ఉంది కదా అని బకెట్‌ను నెత్తి మీద పెట్టుకుని తిరిగితే మళ్లీ మొదటికే వస్తుంది. ట్రాక్టర్ నాలుగు చక్రాల మీద నిలబడ్డట్టు కనిపిస్తుంది గానీ పక్కకు ఒరిగే విషయంలో దానికి మూడు కాళ్లే. వెనక చక్రాలు రెండు, ముందు ఇరుసు మధ్యలో ఉండే పివట్ పిన్ను ఒకటి. ముందు ఇరుసు ఆ పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, అది అడ్డుబిళ్లకు తగిలేదాకా ముందు చక్రాలు బండిని ఆపవు. బరువు ముందుకూ పైకీ జరిగేకొద్దీ బండి తూకం ఈ ముక్కాలిపీట సన్నటి కొస వైపు వెళ్తుంది. అక్కడ మలుపు తిప్పినా, ఒక చక్రం చిన్న గుంటలో దిగినా చాలు. కాబట్టి నింపిన బకెట్‌ను నేలకు అడుగెత్తులో మోయండి. ట్రైలర్ పక్కకు చేరి, బండి ఆపి, చక్రాలు తిన్నగా ఉన్నాకే పైకెత్తండి. పోశాక ముందు బకెట్‌ను దించండి, మలుపు ఆ తర్వాత. బండి వెనక భాగం మళ్లీ లేచిపోతోందనిపిస్తే, చక్రం తేలుతోందనిపిస్తే స్టీరింగు కాదు, లివర్ ముందుకు తోసి బకెట్‌ను దించడం ఒక్కటే చేయాల్సింది. ఈ ఒక్క కదలిక ఆలోచించకుండా చేతికి రావాలి. అందుకోసం ఖాళీ బకెట్‌తో ఓ అరగంట ఆడించినా తక్కువే.

వాలు మీద సరుకు ఉన్న కొస ఎప్పుడూ పైవైపుండాలి. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్సులో. వాలుకు అడ్డంగా వెళ్లకూడదు. చాలా సబ్ కాంపాక్ట్‌లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. హైడ్రోస్టాటిక్ పెడలు వదిలితే పడే బిగింపు కూడా, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకపోతే, వెనక చక్రాలకే పడుతుంది. ఆ చక్రాలే తేలిపోతే ఇక ఆపేదేమీ లేదు. వాలులో సరుకుతో ఉన్నప్పుడు ఫోర్ వీల్ వేసి ఉంచమనేది లాగుడు కోసం కాదు, బ్రేకు కోసం. గట్టి కాంక్రీటు మీద ఖాళీగా మలుపులు తిరిగేటప్పుడు మాత్రం తీసేయండి. లేకపోతే ముందు, వెనక గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, టైర్లు అరుగుతాయి. రోల్‌బార్ నిలబెట్టి ఉన్నంతసేపూ బెల్టు పెట్టుకోవాలి. కొమ్మల కిందకు వెళ్లడానికి దాన్ని మడిచినప్పుడు బెల్టు విప్పేయాలి.

కుప్పలోంచి తీయడం సంగతి. లో రేంజ్, ఫోర్ వీల్, ఇంజిన్ 1,800 నుంచి 2,000 ఆర్‌పీఎం. ఎంత ఎత్తుతుందనేది ఒత్తిడి మీద, ఎంత త్వరగా ఎత్తుతుందనేది ఇంజిన్ తిరుగుడు మీద ఆధారపడతాయి. ఐడిల్‌లో లివర్ లాగి లోడర్ బద్ధకంగా ఉందనుకోవద్దు. బకెట్ అడుగును నేలకు ఆనించి తిన్నగా కుప్పలోకి వెళ్లండి. బండి నెమ్మదించగానే బకెట్‌ను కొద్దిగా వెనక్కి తిప్పండి, కొద్దిగా ఎత్తండి, మళ్లీ కొంచెం తోయండి. చక్రాలు జారేదాకా తోసుకుంటూ పోతే టైర్లు గుంట చేస్తాయి, బకెట్ మాత్రం నిండదు. ఇంజిన్ గింజుకుంటుంటే చాలామంది పెడలు ఇంకా గట్టిగా నొక్కుతారు. హైడ్రోస్టాటిక్‌లో అది తలకిందుల పని. పెడలు లోతుగా నొక్కడమంటే పై గేరు వేయడంతో సమానం, తోపు తగ్గిపోతుంది. కాలు సగం వెనక్కి తీయండి, తోపు పెరుగుతుంది. ఈల వేసినట్టు కీచుమనే చప్పుడు వస్తే, మించిన ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుందని అర్థం. వెంటనే లివర్ వదిలేయాలి. పట్టుకుని కూర్చుంటే ఆయిల్ వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఈ లోడర్ వదులు సరుకును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడానికి చేసింది. గట్టి నేల తవ్వడానికి కాదు, మొద్దులు పెకలించడానికి అసలే కాదు. బకెట్ మూలతో ఒకవైపు నుంచి మీటినప్పుడు భారమంతా లోడర్ చేతుల్లో ఒకదాని మీదే పడి లోడర్ మెలితిరుగుతుంది. బయటికి ఒక్కసారిగా కనిపించదు. ఒక రోజు బకెట్‌ను కాంక్రీటు మీద దించి చూస్తే ఒక కొస ఆనుతుంది, ఇంకో కొస కింద వేలు దూరుతుంది.

చదును చేస్తుంటే గుంటలు పడుతున్నాయన్నారు. కూర్చున్న చోటి నుంచి బకెట్ అడుగు కనిపించదు. మీరు సమంగా ఉందనుకున్నప్పుడు బకెట్ ముక్కు, అంటే ముందు అంచు, కిందకు ఉంటోంది. బకెట్‌ను కాంక్రీటు మీద సరిగ్గా ఆనించి, దాని వెనక పై అంచు మీద అడుగు పలకకు సమాంతరంగా సన్నని ఇనుప చువ్వ ఒకటి బిగించండి. సీట్లోంచి ఆ చువ్వ అడ్డంగా కనిపిస్తే అడుగు సమంగా ఉన్నట్టే. సిలిండర్ రాడ్డు మీద పెయింటు గుర్తు మాత్రం పెట్టకండి, సీళ్లు పాడవుతాయి. రెండోది, చదును ముందుకు వెళ్తూ చేసే పని కాదు. లివర్‌ను ముందుకు పూర్తిగా తోస్తే చిన్న టక్కు మని ఒక చోట నిలుస్తుంది. అది ఫ్లోట్. అందులో బకెట్ తన బరువుతోనే నేలమీద వాలి, ఎత్తుపల్లాలను బట్టి లేస్తూ దిగుతూ వస్తుంది. ముక్కును కొంచెం మాత్రమే కిందకు వంచి, ఫ్లోట్‌లో వేసి, నెమ్మదిగా వెనక్కి నడపండి. ముక్కును పూర్తిగా కిందకు వంచి వెనక్కి లాగితే బయటికి సాగి ఉన్న డంప్ సిలిండర్ (బకెట్‌ను వంచే సిలిండర్) రాడ్లు వంగిపోతాయి. కొత్త బండ్లలో ఇదొక సాధారణ నష్టం. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, బకెట్ పైన ఉన్నప్పుడు లివర్‌ను ఫ్లోట్ దాకా తోస్తే బకెట్ దిగదు, పడుతుంది. కిందకు అదిమి నొక్కినా పని చెడుతుంది. ముందు చక్రాలు నేల వదిలేస్తాయి, స్టీరింగు ఉండదు.

పైపులు ఎక్కకపోవడానికి కారణం లోపల చిక్కుకున్న ఒత్తిడి. ఇంజిన్ ఆపిన వెంటనే కప్లర్లు (పైపులను కలిపే బిగింపులు) లాగేసి ఉంటారు. ఆ తర్వాత లోడర్ ఎండలో ఉంటే ఆయిల్ వ్యాకోచించి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు ట్రాక్టర్ వైపు వదలడానికి ఇంజిన్ ఆపి లివర్‌ను నాలుగు వైపులా రెండేసిసార్లు తిప్పండి. లోడర్ వైపు అయితే, అది స్టాండ్ల మీద నేలకు పూర్తిగా ఆని ఉందని, సిలిండర్ల మీద ఏ బరువూ లేదని చూసుకుని, పైపు అవతలి కొస నట్టుకు మందపాటి గుడ్డ చుట్టి, పావు తిప్పు వదులు చేయండి. కాస్త ఆయిల్ కారి ఒత్తిడి పోతుంది. మళ్లీ బిగించి, కప్లర్ తుడిచి ఎక్కించండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. ఇకముందు ఊడదీసేటప్పుడు బకెట్ నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, లివర్ నాలుగు వైపులా, ఫ్లోట్‌లోకి కూడా తిప్పాకే కప్లర్లు తీయండి. మూతలు పెట్టి నీడలో ఉంచండి. పైపు ఎక్కడైనా చెమర్చినట్టు ఉంటే చేత్తో తడిమి చూడొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంతే కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం.

సర్వీసు విషయంలో 50 గంటలు ఆగాల్సినవి కొన్ని, ఇవాళే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవాళ చేయాల్సింది బోల్టులు. చక్రాల నట్లు, లోడర్ ఫ్రేమును ఛాసిస్‌కు పట్టే బోల్టులు కొత్తలో కుదురుకుంటూ వదులవుతాయి. పెయింటు పొర నలిగిపోవడం కూడా ఒక కారణం. మాన్యువల్‌లోని అంకె ప్రకారం టార్క్ రెంచితో బిగించండి. మీటరు 10 గంటలు చూపినప్పుడు ఒకసారి, 50 చూపినప్పుడు ఒకసారి మళ్లీ చూడండి. వదులు బోల్టుతో నడిపితే రంధ్రం కోలగా అరుగుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా ఆగదు. టైర్ల గాలి కూడా ఇవాళే చూడండి. రవాణాలో పెట్టిన గాలి అలాగే వదిలేసిన బండ్లు చాలానే ఉంటాయి. ముందు టైరులో గాలి తక్కువైతే బరువుతో మలుపు తిప్పినప్పుడు అంచు రిమ్ము వదిలి బయటికి వస్తుంది. హైడ్రాలిక్ ఆయిల్ మట్టం బకెట్, వెనక లిఫ్ట్ రెండూ దించి, ఇంజిన్ ఆపి, సమనేల మీద చూడాలి. కొత్తగా లోడర్ బిగించినప్పుడు దాని సిలిండర్లూ పైపులూ కొంత ఆయిల్ తాగేస్తాయి. అది తిరిగి నింపారో లేదో మీరే చూసుకోవాలి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, నురుగు వస్తుంటే మట్టం తక్కువో, ఎక్కడో గాలి పీలుస్తోందో అయ్యుంటుంది.

50 గంటలకు ఇంజిన్ ఆయిల్, దాని ఫిల్టరు, ట్రాన్స్‌మిషన్ ఫిల్టరు మార్చాలి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూడా మార్చాలా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది, మాన్యువల్ మాటే వినండి. ఈ మొదటి మార్పు వాయిదా వేయదగ్గది కాదు. కొత్త గేర్లు ఒకదానికొకటి అమరుకునేటప్పుడు రాలే లోహపు పొడి, తయారీలో మిగిలిన సీలెంటు ముక్కలు అన్నీ ఈ 50 గంటల్లోనే ఫిల్టరుకు చేరతాయి. హైడ్రోస్టాటిక్ పంపు లోపలి సందులు వెంట్రుక కంటే సన్నవి. ఫ్యాన్ బెల్టు బిగువు, పైపుల క్లిప్పులు అప్పుడే చూసుకోవచ్చు. అప్పటిదాకా ఇంజిన్‌ను పూర్తి భారంతో తోలొద్దు, గంటల తరబడి ఐడిల్‌లోనూ వదలొద్దు. వేగం మారుస్తూ, మధ్యస్థంగా పని చేయించండి.

గ్రీజు మాత్రం 10 గంటలకోసారి. లోడర్‌లో పిన్నున్న ప్రతిచోటా నిపుల్ ఉంటుంది. తుడిచి, కొత్త గ్రీజు అంచున కనిపించేదాకా కొట్టాలి. తుడవకుండా కొడితే దుమ్మును లోపలికి పంపినట్టే. ముందు ఇరుసు మధ్యలోని పివట్ పిన్ను నిపుల్ కింద దాక్కుని ఉంటుంది, అదే అందరూ మరిచిపోయేది. రేడియేటర్ ముందు జల్లెడ ఎండుగడ్డిలో పనిచేసే రోజుల్లో పూటపూటా తీసి దులపాలి. ఎయిర్ ఫిల్టరును మాత్రం అవసరం లేకుండా విప్పొద్దు, విప్పిన ప్రతిసారీ కాస్త దుమ్ము లోపలికి పోతుంది.

పనిముట్లలో ముందు బాక్స్ బ్లేడ్ (అడుగు తెరిచిన పెట్టెలా ఉండి మట్టిని గీకి లాగేది) కొనండి. మట్టి, కంకర చదును చేయడంలో లోడర్ బకెట్ కంటే దాని పని శుభ్రంగా ఉంటుంది, పైగా లోడర్‌కు ఎదురు బరువుగా కూడా పనికొస్తుంది. తేలికపాటిదైతే దానికి అదనపు బరువులు కట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత ప్యాలెట్ ఫోర్కులు, అంటే బకెట్ బదులు లోడర్‌కు తగిలించే రెండు పొడవాటి ఇనుప కొమ్ములు. ఫోర్కుల బరువును, సరుకు మరింత ముందుకు జరగడాన్ని సామర్థ్యంలోంచి తీసేసి లెక్క కట్టండి. గడ్డి కోసే రోటరీ కట్టరు కొనేటప్పుడు వెడల్పు అడుగుకు 5 పీటీఓ హార్స్‌పవర్ (పనిముట్టును తిప్పే వెనక షాఫ్టుకు చేరే శక్తి) అనేది వాడుకలో ఉన్న లెక్క. ఇంజిన్ 24 అయినా పీటీఓకు చేరేది చాలా మోడళ్లలో 17, 18 మాత్రమే. ఆ లెక్కన మూడున్నర అడుగులే వస్తుంది, ఎంత లేదన్నా నాలుగడుగులు దాటకండి. పీటీఓ షాఫ్టు పొడవు ముందే సరిచూసుకోండి. పనిముట్టును ఎత్తి దించి, షాఫ్టు అతి పొట్టిగా ముడుచుకునే చోట ఆపి చూస్తే, లోపల ఇంకా 2, 3 సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. మిగలకపోతే షాఫ్టు వెళ్లి ట్రాక్టర్ బేరింగును గుద్దుతుంది. అలాంటప్పుడు బయటి గొట్టాన్ని, లోపలి గొట్టాన్ని, వాటి ప్లాస్టిక్ కవర్లను సమానంగా కోసి, గరుకు అంచులు ఆకురాయితో రాయాలి. అతి పొడవుగా సాగినప్పుడు కూడా ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు దూరి ఉండాలి. నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు 9. వేలాడే గుడ్డ కొస చుట్టుకుంటే చేయి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు, అందుకే కవరు లేని షాఫ్టును తగిలించకండి. దిగి ఏది చూడబోయినా ముందు పీటీఓ ఆపి, బకెట్ దించి, బ్రేకు వేసి, తాళం జేబులో వేసుకోండి.